ఘాట్ దిగే ముందు: పగిలిన ల్యాప్‌టాప్ డిస్‌ప్లేను ఏం చేయాలి?



విశాఖపట్నంలో ఉన్నవాళ్ల ల్యాప్‌టాప్ డిస్‌ప్లే పగిలిందనుకోండి. సాయంత్రం పని ముగించుకుని వస్తూ ద్వారకానగర్‌లో ఏదో ఒక దుకాణంలో ఇచ్చేసి ఇంటికెళ్తారు. మర్నాడు ఫోనొస్తుంది, వెళ్లి తెచ్చుకుంటారు. అదే అరకులోయలోనో, డుంబ్రిగూడలోనో, ముంచంగిపుట్టులోనో పగిలితే సంగతి వేరు. అరకు నుంచి విశాఖకు సుమారు 115 కిలోమీటర్లు. అనంతగిరి ఘాట్ దిగి, శృంగవరపుకోట మీదుగా పట్నం చేరేసరికి సగం రోజు పోతుంది. ముంచంగిపుట్టు వాళ్లకు దారి ఇంకా ఎక్కువ. తీరా వెళ్లాక కొట్టులో కుర్రాడు మూత ఎత్తి చూసి, "ఈ మోడల్ ప్యానెల్ స్టాక్ లేదండి, తెప్పించాలి, రెండు మూడు రోజులాగి రండి" అంటాడు. పట్నంలో చుట్టాలుంటే సరే. లేకపోతే ఉత్త చేతులతో ఘాట్ ఎక్కాలి, మళ్లీ దిగాలి. రెండు రోజుల పని పోతుంది, రానూపోనూ చార్జీలు రెండుసార్లు, దారిలో తిండి ఖర్చు. దుకాణం ఇచ్చే బిల్లులో ఇవేవీ ఉండవు, కానీ జేబులోంచి పోయేవే.

అందుకని ఈ పూట నేను మీకు ముఖ్యంగా చెప్పదలుచుకున్నది ఇది. బాగుచేయించాలా, కొత్తది కొనాలా అన్నది దుకాణం కౌంటరు ముందు నిలబడి తేల్చుకునే విషయం కాదు. కొండమీదే, మన ఇంట్లోనే, చేతిలో ఉన్న ఫోనుతోనూ గోడకున్న టీవీతోనూ చాలామటుకు తేల్చుకోవచ్చు. అలా చూసుకున్నవాళ్లలో ఎక్కువమందికి బాగుచేయించడమే మేలని తేలుతుందని నా గట్టి నమ్మకం.

ముందు అసలు ఏం పగిలిందో తెలుసుకుందాం. డిస్‌ప్లే పగలగానే మనవాళ్లు "ల్యాప్‌టాప్ పోయింది" అనేస్తారు. పోయింది ల్యాప్‌టాప్ కాదు. మూతలో ఉండే పల్చటి ప్యానెల్ ఒక్కటే. అందులో రెండు గాజు పలకలుంటాయి, వాటి మధ్య ద్రవ స్ఫటికం పల్చగా పరుచుకుని ఉంటుంది. వెనకాల ఎల్‌ఈడీ దీపాల వెలుగు, ముందూ వెనకా కాంతిని వడగట్టే పొరలు. దెబ్బ తగిలి గాజు చిట్లితే ద్రవం కదిలిపోయి నల్లటి మరక పడుతుంది, రంగురంగుల గీతలొస్తాయి. మరక రోజురోజుకీ పెరుగుతుంది కూడా. కానీ కింది భాగంలో ఉండే బోర్డు, ప్రాసెసర్, మెమరీ, మీ ఫైళ్లున్న డిస్కు, ఇవన్నీ మామూలుగానే ఉండొచ్చు. చాలా సందర్భాల్లో ఉంటాయి. ప్యానెల్ తయారుచేసే కంపెనీలు వేరు, ల్యాప్‌టాప్ కంపెనీలు వేరు. బీఓఈ, ఏయూఓ, ఎల్‌జీ డిస్‌ప్లే, ఇన్నోలక్స్ లాంటి కొద్ది సంస్థల దగ్గర కొన్న ప్యానెల్‌నే ఎవరి పేరు వాళ్లు వేసుకున్న మూతల్లో బిగిస్తారు. అందుకే విడిగా దొరుకుతుంది, విడిగా మార్చుకోవచ్చు.

మన ప్రాంతంలో డిస్‌ప్లేలు పగిలే తీరు కూడా చెప్పాలి. సంత రోజున సర్వీసు జీపులో వస్తుంటే సంచి కాళ్ల దగ్గర పెడతాం, దానిమీద అల్లం బస్తానో, రాజ్‌మా బస్తానో వచ్చి ఆనుతుంది. ఘాట్ మలుపుల్లో ఆ బరువంతా ఒకే చోట నొక్కుతుంది. కీబోర్డు మీద పెన్నో, ఇయర్‌ఫోనో వదిలేసి మూత వేసేయడం ఇంకో కారణం. మూతను ఎప్పుడూ ఒకే మూల పట్టుకుని ఎత్తడం మరొకటి. దానివల్ల ముందు హింజ్, అంటే మూత కీలు, దెబ్బతింటుంది, తర్వాత ప్లాస్టిక్ చిట్లుతుంది, ఆఖరికి గాజు. ఇలా మూడో దారిన పగిలిన డిస్‌ప్లేకు ప్యానెల్ ఒక్కటే మారిస్తే కొన్నాళ్లకే కొత్త ప్యానెల్ కూడా పోతుంది. హింజ్ సరిచేయకుండా గాజు మార్చడం డబ్బు పారేసుకోవడమే.

సరే, ఇంట్లో ఎలా పరీక్షించాలి? నెట్ సెంటరు నడిపే ఒకాయన దగ్గర నేను చూసిన సంగతి చెప్తాను. డిగ్రీ ఆఖరి సంవత్సరం చదివే అమ్మాయి ఒకామె పగిలిన ల్యాప్‌టాప్ గుడ్డలో చుట్టుకుని వచ్చింది. ఇంటర్న్‌షిప్ రిపోర్టు అందులోనే ఉంది, ఇవ్వాల్సిన గడువు దగ్గరపడింది.

"ఇంక పనికిరాదేటన్నా?" అని అడిగింది.

ఆయన మూత కూడా ఎత్తలేదు. "మీ ఇంటికాడ టీవీ ఉందా చెల్లీ?" అన్నాడు.

"ఉంది. గోడకు తగిలించేదే."

"అయితే ఈ వైరు పట్టుకెళ్లు. ఒక కొస ల్యాప్‌టాప్‌కి, ఒక కొస టీవీకి. టీవీ రిమోట్‌లో సోర్సు మార్చి హెచ్‌డీఎంఐ పెట్టు. బొమ్మ రాకపోతే విండోస్ మీట నొక్కిపట్టి పీ నొక్కు. బొమ్మ పడితే రేపు రా, పడకపోయినా రా."

మర్నాడు ఆమె పెన్‌డ్రైవ్‌లో రిపోర్టు తెచ్చుకుని వచ్చింది. టీవీ మీద బొమ్మ చక్కగా పడిందట. పడిందంటే బోర్డు బాగుంది, గ్రాఫిక్స్ బాగున్నాయి, డిస్కు బాగుంది, మార్చాల్సింది మూతలో ప్యానెల్ ఒక్కటేనని అర్థం. పైగా ఫైళ్లు భద్రంగా బయటికి వచ్చేశాయి. అదే పరీక్షలో టీవీ మీద కూడా గీతలే వచ్చినా, అసలేం రాకపోయినా అప్పుడు బోర్డును అనుమానించాలి. అది పెద్ద ఖర్చు, లెక్క వేరు. ఒక చిన్న వైరుతో ఇంత తేలుతుంది కాబట్టి, ల్యాప్‌టాప్ ఉన్న ప్రతి ఇంట్లోనూ హెచ్‌డీఎంఐ వైరు ఒకటి ఉండాలని నేను పదేపదే చెప్తుంటాను.

గాజు పగలకుండా డిస్‌ప్లే చీకటైపోయిందనుకోండి, ఇంకో పరీక్ష ఉంది. గదిలో లైటు ఆర్పేసి, ఫోన్ టార్చి వేసి స్క్రీన్ మీద ఏటవాలుగా పట్టండి. లోపల అక్షరాలు లీలగా కనిపిస్తే బొమ్మ వస్తోంది, వెనకున్న వెలుగే రావడం లేదు. అది ప్యానెల్ లోపమా, వైరుదా, బోర్డు మీద ఫ్యూజుదా అన్నది మెకానిక్ చూడాలి గానీ, కొత్త ప్యానెల్‌కు తొందరపడి డబ్బు కట్టనక్కర్లేదు. మూత వంపు మారుస్తుంటే బొమ్మ వస్తూ పోతూ ఉంటే హింజ్ దగ్గర నలిగిన కేబుల్ మీద అనుమానం. ప్యానెల్ ధరలో చిన్న వంతుతో అది బాగవుతుంది. ఈ రెండు లక్షణాలూ చెప్పగలిగితే దుకాణంవాళ్లు మీతో మాట్లాడే పద్ధతే మారిపోతుంది.

గాజు చిట్లిన డిస్‌ప్లేను మాత్రం వేళ్లతో తడమొద్దు. పారదర్శకంగా ఉండే వెడల్పు టేపు అడ్డంగా అంటించి, మూత నెమ్మదిగా వేసి, పిల్లలకు అందకుండా పెట్టండి. ద్రవం చేతికి అంటితే సబ్బుతో కడుక్కోండి.

ఇక ధరల సంగతి. మామూలు 14 అంగుళాలది గానీ, 15.6 అంగుళాలది గానీ, టచ్ లేని ప్యానెల్ బిగింపుతో సహా నాలుగైదు వేల నుంచి ఏడెనిమిది వేల దాకా అవుతుంది. మోడల్‌ను బట్టి, కొట్టును బట్టి అటూ ఇటూ ఉంటుంది. టచ్ స్క్రీన్ అయితే అంతకు బాగా ఎక్కువ, ఓఎల్‌ఈడీ అయితే ఇంకా ఎక్కువ. మామూలు పనులకు సరిపోయే కొత్త ల్యాప్‌టాప్ కొనాలంటే ముప్పై అయిదు, నలభై వేలు పెట్టాల్సి వస్తుంది. బాగుచేయించే ఖర్చు కొత్తదాని ధరలో సగం దాటితే వదిలేయాలని పట్నాల్లో ఒక లెక్క చెప్తారు. నాకది మన కొండలకు సరిపోయే లెక్క అనిపించదు. రెండు సవరణలు కావాలి.

మొదటిది, బాగుచేయించే ఖర్చులో ప్రయాణాలు కలపాలి. రానూపోనూ చార్జీలు, పోయిన కూలి, యంత్రం లేక ఆగిన పని. మీసేవ నడిపేవాళ్లకు దరఖాస్తుల గడువు రోజుల్లో ల్యాప్‌టాప్ లేకపోతే పోయేది చిన్న డబ్బు కాదు. లంబసింగి వైపు చలికాలంలో హోమ్‌స్టే బుకింగులు చూసుకునేవాళ్లకూ అంతే.

రెండోది, మిగిలిన ఆయుష్షు. ఆరు వేలు పెట్టి బాగుచేయించిన యంత్రం ఇంకా మూడేళ్లు పనిచేస్తే ఏడాదికి రెండు వేలు పడింది. ఇరవై వేలకు కొన్న సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ నాలుగేళ్లు పనిచేసినా ఏడాదికి అయిదు వేలు. ధరతో ధరను కాక, ఏటి ఖర్చుతో ఏటి ఖర్చును పోల్చి చూడండి. జవాబు చాలాసార్లు తిరగబడుతుంది.

ఆయుష్షు అంచనా వేయడానికి ఇప్పుడొక కొత్త గీత వచ్చింది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 పెట్టుకోవాలంటే ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం, ఆ తర్వాతి ప్రాసెసర్లు ఉండాలి. అంటే సుమారుగా 2018 నుంచి వచ్చిన యంత్రాలు. మీది ఆ గీతకు ఇవతల ఉంటే, టీవీ పరీక్షలో నెగ్గితే, ఇంకేం ఆలోచించకుండా ప్యానెల్ మార్పించండి. గీతకు అవతల ఉన్నదైనా పారేయాల్సిందేమీ కాదు. లినక్స్ వేసుకుని చదువుకీ, ఉత్తరాలకీ, ఇంటర్నెట్‌కీ హాయిగా వాడుకోవచ్చు. తెలుగువాళ్లలో 'స్వేచ్ఛ' సంస్థ ఏళ్ల తరబడి ఈ పని మీదే ఉంది. కాకపోతే అంత పాత యంత్రానికి కొత్త ప్యానెల్ కన్నా, అదే మోడల్ పాడైన ల్యాప్‌టాప్‌లోంచి తీసిన పాత ప్యానెల్ వెతకడం మంచిది.

ఇప్పుడు ప్యానెల్ ఎలా తెప్పించుకోవాలో కాస్త నిదానంగా చెప్తాను. ఎక్కువ వృథా ప్రయాణాలు ఇక్కడే జరుగుతాయి. ల్యాప్‌టాప్ పేరు, కిందనున్న మోడల్ నంబరు చెబితే చాలదు. ఒకే మోడల్ పేరుతో కంపెనీ రెండు మూడు రకాల ప్యానెళ్లు బిగించి అమ్ముతుంది. సరైన గుర్తు ప్యానెల్ వెనక అంటించిన చీటీ మీద ఉంటుంది. కొలత ఎంత, రిజల్యూషన్ 1366 బై 768 లేక 1920 బై 1080, కేబుల్ గుచ్చుకునే చోట పిన్నులు 30 లేక 40, స్క్రూలు పట్టే చెవులు పక్కల ఉన్నాయా లేవా, ఇవి నాలుగూ కలవాలి. మామూలు ప్యానెళ్లకు 30 పిన్నులుంటాయి. టచ్ ఉన్నవాటిలో, గేముల కోసం వేగంగా మారే స్క్రీన్లలో ఎక్కువగా 40 ఉంటాయి. పిన్నులు కలవకపోతే ప్యానెల్ ఎంత మంచిదైనా ఆ కేబుల్‌కు పనికిరాదు.

ఆ చీటీ చూడాలంటే మూత ముందు చట్రం విప్పాలి. అలవాటున్న చేతికి అది కష్టమేమీ కాదు. నేను చూసిన మంచి పనివాడొకడు ఇలా చేసేవాడు. చార్జర్ తీసేసి, పవర్ మీట కాసేపు నొక్కి పట్టేవాడు. కింది మూత స్క్రూలు తీసి, ఏ స్క్రూ ఏ కన్నంలోదో తెలిసేలా తెల్ల కాగితం మీద ఆ ఆకారంలోనే పేర్చేవాడు. ఎందుకంటే పొడవు స్క్రూ పొట్టి కన్నంలో బిగిస్తే అవతలి వైపు ప్లాస్టిక్ పొడుచుకు వస్తుంది. బ్యాటరీ వైరు ఊడదీశాకే మూత జోలికి వెళ్లేవాడు. గోరుతోనో, పాత ఏటీఎం కార్డుతోనో చట్రం అంచు చుట్టూ తడుముతూ వెళ్తే టిక్కు టిక్కుమని పట్లు వదిలేవి. ప్యానెల్‌ను లాగేయకుండా, కీబోర్డు మీద మెత్తటి గుడ్డ పరిచి దానిమీదికి బోర్లా వాల్చేవాడు. అప్పుడు వెనక అడుగున వెడల్పాటి కేబుల్ కొస, దానిమీద సన్నటి టేపు కనిపిస్తాయి. టేపు తీసి, చిన్న లోహపు కడ్డీ ఉంటే ఎత్తి, కొసను కిందికి సూటిగా లాగాలి. పైకి ఎత్తితే పిన్నులు వంగుతాయి. ఆ పక్కనే చీటీ. దాన్ని ఫోనుతో ఫొటో తీసి దుకాణానికి వాట్సాప్‌లో పంపి, "ఇది ఉందా? ఎంత? గ్యారంటీ ఎన్నాళ్లు?" అని అడిగేవాడు. ఇప్పుడు కొత్తగా వచ్చే సన్నటి మూతల్లో స్క్రూలు ఉండవు, ప్యానెల్ వెనక సాగే గమ్ టేపులుంటాయి. వాటిని నెమ్మదిగా, పక్కకు, తెగకుండా లాగాలి. వాటి జోలికి అనుభవం లేనివాళ్లు వెళ్లకపోవడమే మంచిది.

కొత్త ప్యానెల్ వచ్చాక ముందు కేబుల్ తగిలించి, బ్యాటరీ కలిపి, వెలిగించి చూడాలి. తెలుపు, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం, ఒక్కో రంగునూ స్క్రీన్ నిండా పెట్టి చచ్చిన చుక్కలున్నాయేమో చూసుకోవాలి. పైనున్న పల్చటి రక్షణ పొర అప్పుడే పీకేయొద్దు. దుకాణాల్లో చాలామంది పొర ఊడితే వెనక్కి తీసుకోరు. అన్నీ సరిగ్గా ఉన్నాయనుకున్నాకే చట్రం బిగించడం.

పట్నంలో మార్పించుకునేవాళ్లకు రెండు జాగ్రత్తలు. ప్యానెల్ మార్చడానికి మీ పాస్‌వర్డు ఎవరికీ అవసరం లేదు. లాగిన్ పేజీ కనపడితే ప్యానెల్ పనిచేస్తున్నట్టే. అడిగితే ఇవ్వకండి. ఇంకోటి, బిల్లు మీద ప్యానెల్ మోడల్, గ్యారంటీ కాలం రాయించుకోండి. ఘాట్ ఎక్కి ఇంటికొచ్చాక మాట మీద ఉన్న గ్యారంటీ పనిచేయదు. కంపెనీ వారంటీ ఉంది కదా అని కొందరు ధీమాగా వెళ్తారు. మామూలు వారంటీ, కింద పడి పగిలినదానికి వర్తించదు. ప్రమాద నష్టానికి విడిగా డబ్బు కట్టిన పథకం ఉంటేనే వర్తిస్తుంది. కొత్తది కొనేటప్పుడు ఆ పథకం ధర అడగండి. జీపు ప్రయాణాలు చేసే పిల్లలకు అది దండగ ఖర్చు కాదు.

కొత్తది కొనడమే సరైన సందర్భాలూ ఉన్నాయి. మన దగ్గర వేసవి చివర్లో, వర్షాల మొదట్లో ఉరుములు, పిడుగులు ఎక్కువ. చార్జింగ్‌లో ఉండగా పిడుగు దెబ్బకు బోర్డు పోయి, దానికి తోడు డిస్‌ప్లే కూడా పగిలి ఉంటే ఆ యంత్రం మీద డబ్బు పెట్టొద్దు. బోర్డు మీద నీళ్లు పడి తుప్పు పట్టినా, హింజ్‌తో పాటు కింది చట్రం కూడా విరిగినా అంతే. మెమరీ 4 జీబీయే ఉండి, అది బోర్డుకే అతికి ఉండి పెంచుకోలేని మోడల్ అయితే బాగుచేయించినా వాడేటప్పుడు ప్రతిరోజూ విసుగే. అలాంటప్పుడు ధైర్యంగా వదిలేయండి. సికిందరాబాద్ సీటీసీ లాంటి కంప్యూటర్ మార్కెట్లలో కంపెనీలు వాడి వదిలిన ల్యాప్‌టాప్‌లు దొరుకుతాయి. ప్రాసెసర్ తరం, బ్యాటరీ పరిస్థితి, హింజ్ బిగువు చూసి తీసుకుంటే చవక కొత్తదాని కన్నా గట్టిగా పనిచేస్తాయి.

మూడో దారి కూడా ఒకటుంది. యంత్రం ఒకేచోట బల్లమీద ఉండేదైతే పగిలిన డిస్‌ప్లేను అలాగే వదిలేసి, పాత మానిటర్ ఒకటి తగిలించి వాడుకోవచ్చు. కాఫీ రైతుల సంఘం లెక్కలకైనా, దుకాణం బిల్లులకైనా ఇది చాలు. కానీ కరెంటు పోయినప్పుడు ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తుంది, మానిటర్ ఆరిపోతుంది. వానాకాలంలో మన ఊళ్లలో కరెంటు సంగతి మీకు తెలిసిందే. చిన్న ఇన్వర్టర్ ఉంటేనే ఈ దారి పట్టండి.

బాగుచేయించడం వైపు నేను ఇంతగా మొగ్గడానికి డబ్బు ఒక్కటే కారణం కాదు. ఈ కొండల్లో బతికేవాళ్లకు ల్యాప్‌టాప్ ఎక్కడి నుంచి వస్తుందో దుకాణంవాళ్ల కన్నా బాగా తెలియాలి. మన పక్కనుంచి వెళ్లే కొత్తవలస-కిరండూల్ రైలు మార్గం 1960లలో వేసింది బైలాడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవు మీదుగా జపాన్‌కు పంపడానికి. గాలికొండ, రక్తకొండ, జెర్రెల కొండల్లో ఉన్నది బాక్సైట్. అల్యూమినియం దానిలోంచే వస్తుంది. ఖరీదైన ల్యాప్‌టాప్‌ల ఒంటికి వాడేది అదే. 2015లో బాక్సైట్ తవ్వకాలకు దారి తెరుస్తూ జీవో 97 వచ్చినప్పుడు మన్యం ఊళ్లన్నీ ఎలా కదిలాయో, 2019లో ఆ జీవో రద్దయ్యేదాకా ఎలా పట్టుబట్టాయో వినేవాళ్లలో చాలామందికి గుర్తుంటుంది. అంతకు ముందు అనంతగిరి మండలం బొర్రా పంచాయతీ, నిమ్మలపాడు గనుల మీద మొదలైన పోరాటం సుప్రీంకోర్టు దాకా వెళ్లి, 1997 జూలై 11న సమత సంస్థ కేసులో తీర్పు వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని గిరిజనేతర ప్రైవేటు కంపెనీలకు గనుల కోసం లీజుకివ్వకూడదని ఆ తీర్పు చెప్పింది. దేశం మొత్తంలో ఆదివాసీ భూమి గురించి మాట్లాడేవాళ్లు ఇవాళ్టికీ నిమ్మలపాడు నుంచి వచ్చిన ఆ తీర్పునే ఎత్తిచూపుతారు. ఒక ల్యాప్‌టాప్ తన జీవితమంతా చేసే కాలుష్యంలో ఎక్కువ భాగం అది తయారయ్యేటప్పుడే, అంటే తవ్వకంలోనూ ఫ్యాక్టరీలోనూ జరిగిపోతుంది. వాడేటప్పుడు అయ్యేది తక్కువ. అందుకే ఉన్నదాన్ని ఇంకో మూడేళ్లు వాడటం ఎక్కడో ఒక కొండకు మేలు చేస్తుంది. ఆ కొండ మనదే కావచ్చు.

ల్యాప్‌టాప్ జీవితానికి రెండో కొసన ఉండేది చెత్త. ఐక్యరాజ్యసమితి సంస్థల లెక్క ప్రకారం 2022లో ప్రపంచంలో 6 కోట్ల 20 లక్షల టన్నుల ఎలక్ట్రానిక్ చెత్త తయారైంది. అందులో పద్ధతి ప్రకారం సేకరించి, శుద్ధి చేసినట్టు నమోదైంది 22.3 శాతమే.

బాగుచేయించుకునే హక్కు గురించి ప్రభుత్వాలు కూడా ఇప్పుడిప్పుడే మాట్లాడుతున్నాయి. ఫ్రాన్స్‌లో 2021 జనవరి నుంచి ల్యాప్‌టాప్‌ల మీద అవి ఎంత తేలిగ్గా బాగవుతాయో పదికి మార్కులేసి ధర పక్కనే అంటిస్తున్నారు. మన దేశంలో వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలో కమిటీ వేసి, ఆ ఏడాది డిసెంబర్ 24న రైట్ టు రిపేర్ పోర్టల్ తెచ్చింది. ఫ్రాన్స్ తరహా మార్కుల గురించి వేసిన ఇంకో కమిటీ 2025 మేలో నివేదిక ఇచ్చింది. ఇవన్నీ మంచివే. అయితే బాగుచేసే చెయ్యి నూటపదిహేను కిలోమీటర్ల దూరంలో ఉన్నంతకాలం హక్కు కాగితం మీదే ఉంటుంది.

ఈ విషయంలో మన జిల్లాలోనే ఒక నమూనా చూశాం. 2023 డిసెంబర్ 21న చింతపల్లిలో ప్రభుత్వ పాఠశాలల ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌ల పంపిణీ మొదలైంది. రాష్ట్రమంతా కలిపి నాలుగు లక్షలకు పైగా ట్యాబ్‌లు. ట్యాబ్ పాడైతే ప్రధానోపాధ్యాయుడికి గానీ, గ్రామ సచివాలయంలో గానీ ఇస్తే వారంలో బాగుచేసి ఇస్తామని, లేదా మార్చి ఇస్తామని అప్పట్లో ప్రకటించారు. ఆ పద్ధతిలో నాకు నచ్చింది ఏమిటంటే, బాగుచేయించే దారి ఊళ్లోనే మొదలయ్యేది. పిల్లవాడు ఘాట్ దిగాల్సిన పని ఉండేది కాదు. ల్యాప్‌టాప్‌లకూ ఇలాంటిది కావాలి. పాడేరులో ప్రభుత్వ పాలిటెక్నిక్ ఉంది. అక్కడి పిల్లలకు ప్యానెల్ మార్చడం, హింజ్ కట్టడం, చార్జింగ్ పిన్ను అతకడం నేర్పి, ఒక బల్ల, స్క్రూడ్రైవర్ల పెట్టె, రకానికో ప్యానెల్ ఇచ్చి వారపు సంతలో కూర్చోబెడితే ఏడాది తిరిగేలోపు మండలానికొక మెకానిక్ తయారవుతాడు. గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) అధికారులు వింటుంటే, ఈ ఒక్క మాట పట్టించుకోమని చేతులు జోడించి అడుగుతున్నాను.

బాగుచేయించుకున్నవాళ్లకు మన వాతావరణానికి తగిన జాగ్రత్త ఒకటి. డిసెంబర్, జనవరిలో అరకులో చలి పది డిగ్రీల కిందికి దిగే రాత్రులుంటాయి. ఆ చలిలో బండిమీద తెచ్చిన ల్యాప్‌టాప్‌ను పొయ్యి వెచ్చదనం ఉన్న గదిలోకి తెచ్చి వెంటనే వెలిగించకండి. చల్లటి లోహం మీద గదిలోని తేమ పట్టి లోపల చెమ్మ చేరుతుంది. సంచిలోనే అరగంట, గంట ఉంచి తర్వాత తీయండి. ఉరుము వినపడగానే చార్జర్ గోడ నుంచి పీకేయండి, స్విచ్ ఆపితే చాలదు.

ఇక కొత్తది కొనేసి పాతది పక్కన పెట్టినవాళ్లకు. ముందు డిస్కులో ఉన్నవన్నీ కాపీ చేసుకుని, దాన్ని బయటికి తీసి దాచుకోండి. చిన్న డబ్బాలో పెట్టి యూఎస్‌బీకి తగిలిస్తే పెన్‌డ్రైవ్ లాగా వాడుకోవచ్చు. బ్యాటరీ ఉబ్బి ఉంటే గుచ్చొద్దు, పొయ్యి దగ్గర పెట్టొద్దు, చెత్తకుప్పలో వేయొద్దు. ఎలక్ట్రానిక్ చెత్త తీసుకునేవాళ్లకు గానీ, కంపెనీ సర్వీస్ సెంటర్‌కు గానీ ఈసారి పట్నం వెళ్లినప్పుడు ఇచ్చేయండి. 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం పాత యంత్రాల బాధ్యత తయారీదారులదే. మిగిలిన విడిభాగాలు, అంటే కీబోర్డు, హింజ్‌లు, మెమరీ, చార్జర్, పగలకపోతే ప్యానెల్, ఇవి తూకానికి అమ్మేయకండి. మూతమీద తెల్ల టేపు అంటించి మోడల్ నంబరు పెద్ద అక్షరాలతో రాసి, దగ్గర్లోని నెట్ సెంటరులోనో, కాలేజీ ల్యాబ్‌లోనో ఉంచండి. అదే మోడల్ వాడుతున్న ఇంకో అమ్మాయికి ఆ హింజ్ అవసరం పడొచ్చు, అడిగినప్పుడు విప్పి ఇచ్చేయమని చెప్పి రండి.